రిటైరైన యుద్ధ విమానాన్ని ఆరుబయట నిలబెట్టాలంటే: స్తంభం మీదా, చక్రాల మీదా, కప్పు కిందా?

ఒక పాత జెట్ ఫైటర్ ఏ పార్కుకో, కాలేజీకో, మాజీ సైనికుల సంఘానికో వస్తోందని తెలియగానే చర్చంతా రంగు మీదే మొదలవుతుంది. ఏ స్క్వాడ్రన్ గుర్తులు వేయాలి, తోక మీద ఏ నంబరు రాయాలి, ప్రారంభోత్సవానికి ఎవరిని పిలవాలి. వీటికంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి. విమానాన్ని ఎలా నిలబెడతారు? పదేళ్ళ తర్వాత దాన్ని ఎవరు కడుగుతారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఏ రంగు, ఏ పాలిష్, ఎంత ఖర్చు అన్నవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. దొరక్కపోతే ఎంత ఖరీదైన రంగు వేసినా అది మూణ్ణాళ్ళ ముచ్చటే.

వచ్చింది ఏ విమానం?

అల్యూమినియం తుప్పు పట్టదన్న ధీమా చాలామందికి ఉంటుంది. పడుతుంది. కాకపోతే ఇనుములా ఎర్రగా కాకుండా తెల్లటి పొడిలా వస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. విమానాల్లో వాడే 2024, 7075 రకాల అల్యూమినియంలో బలం కోసం రాగి, జింక్ లాంటివి కలుపుతారు. అలా కలపడం వల్లే అది స్వచ్ఛమైన అల్యూమినియం కంటే తొందరగా పాడవుతుంది. అందుకని చాలా రేకుల మీద స్వచ్ఛమైన అల్యూమినియం పొర ఒకటి అద్ది తయారు చేస్తారు. దీన్ని ఆల్‌క్లాడ్ అంటారు. ఆ పొర చాలా పలచన, ఒక్కో వైపు రేకు మందంలో సుమారు 5 శాతమో, అంతకంటే తక్కువో. పాలిష్ మిషన్ పట్టుకుని నాలుగుసార్లు గట్టిగా రుద్దితే ఆ రక్షణ కాస్తా పోతుంది.

7075తో చేసిన దళసరి భాగాల్లో, ముఖ్యంగా రెక్క బరువు మోసే లోపలి దూలాల్లో (స్పార్లలో), ఇంకో రకం జబ్బు వస్తుంది. తడిసి ఆరిన పుస్తకం పుటల్లా లోహం పొరలు పొరలుగా ఉబ్బి లేస్తుంది. పైన రంగు నున్నగానే కనిపిస్తుంది కానీ రివెట్ల వరస పక్కన రేకు కొంచెం పొంగినట్టు ఉంటుంది. టార్చి లైటును రేకుకు దాదాపు సమాంతరంగా పట్టి వేస్తే ఆ పొంగు నీడ పడుతుంది. విమానాన్ని తీసుకోవాలా వద్దా అని చూడటానికి వెళ్ళేటప్పుడు టార్చి తీసుకెళ్ళండి, ఫొటోలను నమ్మి సరే అనకండి.

స్టీలు బోల్టు అల్యూమినియంలో దిగిన ప్రతిచోటా, మధ్యలో నీళ్ళు చేరితే అల్యూమినియమే కరిగిపోతుంది. చక్రాల రిమ్ములు, గేర్‌బాక్సు తొడుగులు మెగ్నీషియంవైతే అవి ఇంకా ముందే పోతాయి. ఎఫ్/ఎ-18, రెండో తరం హారియర్ లాంటి వాటిలో కార్బన్ ఫైబర్ భాగాలున్నాయి. కార్బన్ కూడా తనకు ఆనుకున్న అల్యూమినియాన్ని తినేసేదే. చుక్కానిలాంటి కదిలే భాగాలు లోపల తేనెపట్టు గళ్ళతో ఉంటే, వాటిలోకి ఒకసారి నీళ్ళు దిగాక బయటికి రావు. నాణెంతో తట్టి చూడండి. బాగున్నచోట ఖణేల్‌మంటుంది, పొర ఊడినచోట మొద్దుగా మోగుతుంది.

విమానాన్ని బట్టి మొత్తం లెక్కే మారిపోవచ్చు. డి హావిలాండ్ వాంపైర్ కాక్‌పిట్ ఉన్న ముందు భాగం ప్లైవుడ్, బాల్సా చెక్కతో చేసింది. దాన్ని వానలో పెట్టడమంటే చేజేతులా పోగొట్టుకోవడమే. మిగ్-25లో అధిక భాగం నికెల్ కలిపిన ఉక్కు, ఎస్ఆర్-71లో అధిక భాగం టైటానియం. టైటానియం చెక్కుచెదరదు, దాని చుట్టూ ఉన్న మిగతా సరంజామా గురించి మాత్రం ఆ మాట చెప్పలేం.

చెయ్యి వేసే ముందు

ఈ భాగంలో పోలిక లేదు, ఎంపికా లేదు. ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటులో పేలే కార్ట్రిడ్జులు ఉంటాయి. హాక్, హారియర్ లాంటి విమానాల కాక్‌పిట్ అద్దం మీద వంకరటింకరగా పోయే గీత అలంకారం కాదు, పైలట్ బయటపడేటప్పుడు అద్దాన్ని పగలగొట్టే పేలుడు తాడు. వీటిని తీసేశారని అర్హత ఉన్న ఆయుధ నిపుణుడు సంతకం చేసిన కాగితం లేకుండా ఎవరినీ కాక్‌పిట్‌లోకి ఎక్కనివ్వొద్దు. ల్యాండింగ్ గేర్ కాళ్ళలో, హైడ్రాలిక్ సిలిండర్లలో నైట్రోజన్ ఒత్తిడి ఇంకా ఉండొచ్చు. ఎఫ్-16 అయితే అత్యవసర పవర్ యూనిట్‌లోని హైడ్రజీన్ అనే విష ఇంధనాన్ని పూర్తిగా తీసేశారా అని అడగండి. 1960ల దాకా వచ్చిన విమానాల డయళ్ళ మీద రేడియం పూత ఉండొచ్చు. ఆ ముళ్ళు చీకట్లో మెరవడం ఎప్పుడో మానేసి ఉంటాయి కానీ రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. పాత ఆకుపచ్చ-పసుపు ప్రైమర్‌లో (రంగు కింద వేసే తొలి పూతలో) క్రోమేట్, బోల్టుల పూతలో కాడ్మియం ఉంటాయి. వీటి పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం. ఒక ఆదివారం పూట పిల్లలను పోగేసి గరుకు కాగితం ఇచ్చి రుద్దించడం లాంటివి అస్సలు పెట్టుకోకండి.

నిలబెట్టే తీరు: అసలు పోలిక ఇక్కడే

స్తంభం మీద, ముక్కు పైకెత్తి, ఒక రెక్క వాల్చి ఎగురుతున్నట్టు నిలబెడితే చూడటానికి అదిరిపోతుంది, కాదనను. రోడ్డు మీద పోయేవాడు తల తిప్పి చూస్తాడు. పిల్లలు ఎక్కరు, ఎవరూ పేర్లు చెక్కరు, భాగాలు మాయం కావు. ప్రారంభోత్సవం రోజున దీనికి సాటి వచ్చే పద్ధతి లేదు.

చిక్కంతా ఆ తర్వాతే. విమానం చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడు అడుగున పడే చోట్ల డ్రెయిన్ రంధ్రాలు పెట్టి దాన్ని తయారు చేస్తారు. మీరు దాన్ని ఇరవై డిగ్రీలు పైకెత్తి, పక్కకు వాల్చగానే ఆ రంధ్రాలు ఏవీ అట్టడుగున ఉండవు. నీళ్ళు తోక మూలలో, వాలిన రెక్క కొసలో, గేర్ తలుపుల వెనక చేరి అక్కడే ఉండిపోతాయి. స్తంభం మీద పెట్టాలనే అనుకుంటే, నేల మీద ఉండగానే అదే వాలులో ఆపి, ఒక్కో గదిలోకి నీళ్ళు పోసి, ఎక్కడ ఆగుతున్నాయో చూసి, అక్కడ కొత్త రంధ్రాలు వేయించండి. ఒక పూట పని. పైకెక్కించాక ఇదే పనికి క్రేను కావాలి.

రెండో సంగతి గాలి. రెక్కలు ఉన్నదే గాలికి లేవడానికి. అవి స్తంభం మీద కూడా ఆ పని మానవు. బరువు, గాలి తోపు రెండూ రెక్క స్పార్లు కలిసే ప్రధాన ఫ్రేముల్లోకి వెళ్ళాలి, పొట్ట రేకులోకి కాదు. దీనికి స్ట్రక్చరల్ ఇంజనీరు డిజైను తప్పనిసరి, పిడుగుపాటుకు ఎర్తింగూ తప్పనిసరి. బరువు తగ్గించడానికి ఇంజను తీసేయడం మామూలే. ఫాంటమ్‌లో ఉండే జె79 ఇంజను ఒక్కోటి 1.7 టన్నులకు పైగా ఉంటుంది, అలాంటివి రెండు. మరి గ్నాట్ లాంటి చిన్న విమానం మొత్తం కలిపి రెండు టన్నులు దాటి కొంచెం ఉంటుంది, అంతే. స్తంభం ఆలోచన చిన్న విమానాలకైతే కొంత నయం.

మూడోది, ఎవరూ లెక్కలోకి తీసుకోనిది: కడిగిన ప్రతిసారీ మనిషిని పైకెత్తే బూమ్ లిఫ్ట్ బండి అద్దె. మొదటి ఏడు ఉత్సాహంగా తెప్పిస్తారు. నాలుగో ఏడు బడ్జెట్ లేదంటారు. ఆ తర్వాత కింద నుంచి చూస్తే బాగానే ఉందిగా అనుకుంటారు. పైన పటారం లోన లొటారం అన్న మాట స్తంభాల మీది జెట్లకు అతికినట్టు సరిపోతుంది. కాకపోతే ఇక్కడ పటారమూ కింద నుంచి చూసినప్పుడే.

చక్రాల మీద, కాంక్రీటు గచ్చు మీద నిలబెట్టడం చూపులకు సాదాగా ఉంటుంది. కానీ మనిషి నడుచుకుంటూ వెళ్ళి, మెట్ల స్టూలు వేసుకుని ప్రతి మూలా చూడగలడు. నా ఓటు దీనికే. గడ్డి మీద పెట్టొద్దు. మట్టి నుంచి పైకొచ్చే తేమ పొట్ట భాగాన్ని ఎప్పుడూ ఆరనివ్వదు, గడ్డి కోసే మిషను రాళ్ళు విసురుతుంది. గచ్చుకు వాలు ఉండాలి. బరువు టైర్ల మీద కాకుండా ఇరుసుల కింద పెట్టిన స్టీలు స్టాండ్ల మీద ఉండాలి, టైర్లు నేలను తాకీ తాకనట్టు ఉంటే చాలు. గేర్ కాళ్ళలో గ్యాసు తీసేశాక అవి కుంగిపోకుండా స్టీలు కాలర్లు బిగిస్తారు. రాడార్, తుపాకులు తీసేసిన ముక్కు తేలికైపోయి విమానం తోక మీద కూలబడొచ్చు. దానికి ముక్కులో బరువు వేయాలి, కానీ ఇసుక బస్తాలు మాత్రం వద్దు. అవి ఏడాది పొడుగునా చెమ్మ పట్టి ఉంచుతాయి. రంగు వేసిన స్టీలు దిమ్మెలు మేలు. చుట్టూ కంచె, రాత్రి లైటు కావాలి. ఆ ఖర్చు స్తంభం ఖర్చులో చిన్న భాగం.

పైకప్పు మాత్రమే ఉన్న షెడ్డు మూడో దారి. ఎండ, వాన నేరుగా పడవు కాబట్టి రంగు, అద్దం, టైర్ల ఆయుష్షు బాగా పెరుగుతుంది. అయితే రెండు పేచీలున్నాయి. కప్పు కింద వాన కడగదు. సముద్రం దగ్గరైతే ఉప్పు, ఊళ్ళో అయితే దుమ్ము పేరుకుపోయి రాత్రి మంచుకు తడుస్తూ ఉంటాయి. ఆరుబయట విమానాల్లో కూడా పై భాగం కంటే పొట్ట కింద తుప్పు ఎక్కువ ఉండటానికి ఇదొక కారణం. కాబట్టి షెడ్డు వేస్తే చేత్తో కడగడం పెరగాలి, తగ్గకూడదు. రెండోది పావురాలు. రెండో ప్రపంచ యుద్ధపు బాంబర్ మెంఫిస్ బెల్, జెట్ కాకపోయినా, ఇందుకు మంచి ఉదాహరణ. మెంఫిస్ నగరంలో దశాబ్దాల పాటు ఆరుబయట ఎండి, తడిసి, చేతివాటానికి గురై, 1987లో కప్పు కిందికి చేరింది. పక్కలు తెరిచే ఉండటంతో ఆ కప్పులోనే పావురాలు గూళ్ళు పెట్టాయి, రెట్టలు గీకడమే పనైంది. చివరికి 2005లో డేటన్‌లోని అమెరికా వైమానిక దళ మ్యూజియానికి తరలించారు. బాగుచేసి మళ్ళీ జనానికి చూపించింది 2018లో. షెడ్డు డిజైనులోనే దూలాల కింద వల బిగించేలా చూసుకోవాలి, తర్వాత చూద్దాంలే అంటే కుదరదు.

నాలుగు గోడల మధ్య పెట్టగలిగితే అంతకంటే కావలసిందేముంది. ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉన్న బి-52 బాంబర్ 1983లో వచ్చి, 1997లో అమెరికన్ ఎయిర్ మ్యూజియం హాలు కట్టేదాకా బయటే ఉంది. అంత పెద్ద సంస్థకే హాలు కట్టడానికి అన్నేళ్ళు పట్టిందంటే, భవనం రేపో మాపో వస్తుందని నమ్మి విమానాన్ని తెచ్చుకునే చిన్న సంఘాలు కొంచెం ఆలోచించాలి.

ఇంకో దారిని జనం చిన్నచూపు చూస్తారు కానీ నాకు నచ్చుతుంది. 1980ల చివర్లో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ తన స్థావరాల గేట్ల ముందున్న అసలు స్పిట్‌ఫైర్లను దించి, వాటి స్థానంలో ఫైబర్‌గ్లాస్ నకళ్ళు పెట్టడం మొదలుపెట్టింది. అసలువి వానలో నాశనం కాకుండా మిగిలాయి, గేటు ముందు బొమ్మా మిగిలింది. వాంపైర్ లాంటిది గానీ, ఆ రకంలో మిగిలిన చివరి కొన్నింటిలో ఒకటి గానీ చేతికొస్తే ఆరుబయట నకలు, లోపల అసలు అన్నదే సరైన ఏర్పాటు.

వాతావరణం మీ చేతిలో లేదు

అరిజోనాలో టూసాన్ దగ్గర డేవిస్-మాంథన్ స్థావరంలో వేల విమానాలను ఆరుబయటే నిల్వ చేస్తారు, పక్కనే ఉన్న పీమా మ్యూజియం కూడా చాలా విమానాలను బయటే చూపిస్తుంది. వాళ్ళు చేస్తున్నారుగా అని మనమూ అనుకోకూడదు. అక్కడ గాలిలో తేమ బాగా తక్కువ, నేల గట్టిది. అయినా ఎండ వదలదు. అందుకే అక్కడ కాక్‌పిట్ అద్దాలకు, అతుకులకు తర్వాత ఊడదీయగలిగే తెల్లటి పూత కొడతారు, లోపలి వేడి తగ్గడానికి. పొడి ఎడారిలో శత్రువు ఎండ, తేమ ప్రాంతంలో నీళ్ళు, తీరంలో ఉప్పు. తీరంలో నివసించేవారికి నా సలహా ఒక్కటే: కప్పు లేకపోతే తీసుకోకండి. నెలకోసారి మంచినీళ్ళతో కడిగే మనుషులు నిజంగా ఉంటే మాత్రమే దీనికి మినహాయింపు.

పాత రంగు తీయడం

గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి రంగు లేపే ఇసుక బ్లాస్టింగ్ ఎవరైనా చౌకగా చేస్తామంటే మర్యాదగా పంపించేయండి. మిల్లీమీటరు అటూఇటూ మందం ఉన్న రేకు దానికి వంగిపోతుంది, ఆల్‌క్లాడ్ పొర లేచిపోతుంది. ప్లాస్టిక్ గింజలతో చేసే బ్లాస్టింగ్ విమానాల కోసమే వచ్చింది. అనుభవం ఉన్న చేతుల్లో బాగా పనిచేస్తుంది. సోడా బ్లాస్టింగ్ రేకుకు మెత్తనే కానీ, అతుకుల్లో మిగిలిన సోడా పొడి తర్వాత చెమ్మ తగిలి అల్యూమినియాన్ని తింటుంది. పూర్తిగా కడిగి తీయలేని విమానానికి అది వద్దు. రంగును మెత్తబరిచి ఊడదీసే రసాయన స్ట్రిప్పర్ వేగంగా పనిచేస్తుంది, అతుకుల్లోకి దిగితే అదీ ఇంతే. ఇవేవీ కాక నీళ్ళు పోస్తూ గరుకు కాగితంతో రుద్దడం అన్నింటికంటే నిదానం, అన్నింటికంటే తక్కువ ప్రమాదం, దుమ్ము లేవదు. తగిన మాస్కులు, శిక్షణ ఉన్న వాలంటీర్లకు ఇదే సరైనది. రుద్దిన నీళ్ళను మాత్రం కాలవలోకి వదలొద్దు, పట్టి ఉంచి ప్రమాదకర వ్యర్థాల కింద అప్పగించాలి.

అసలు పాత రంగు మొత్తం తీయాలా? గట్టిగా పట్టుకుని ఉన్నచోట తీయక్కర్లేదు. నున్నగా రుద్ది, దాని మీదే వేయొచ్చు. పైగా కింది పొరల్లో ఆ విమానం చరిత్ర ఉంటుంది. పాత స్క్వాడ్రన్ గుర్తులు బయటపడితే కొలతలతో ఫొటో తీసి ఉంచండి.

ఏ రంగు?

చౌక ఎనామిల్ వేస్తే కొద్ది ఏళ్ళలోనే వెలిసి, చేత్తో రాస్తే పొడి అంటుతుంది. రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పాలీయూరిథేన్ పై పూత ఖరీదైనవే, కానీ అన్నీ కుదిరితే పదేళ్ళ దాకా నిలుస్తాయి. ఎపాక్సీని ఒంటరిగా ఎండలో వదలకండి, అది సున్నంలా పొడి రాలుతుంది. పాలీయూరిథేన్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది, స్ప్రే కొట్టేవారికి బయటి నుంచి గాలి అందే మాస్కు కావాలి. ఇది వాలంటీర్ల పని కాదు. రుద్దడం మీరు చేయండి, స్ప్రే మాత్రం ప్రొఫెషనల్స్‌తో చేయించండి. డబ్బు ఆదా, పనీ పక్కా.

మ్యాట్ రంగా, మెరిసే రంగా అన్నది మరో తగవు. యుద్ధ విమానాల అసలు రంగు చాలావరకు మ్యాటే. కానీ మ్యాట్ పూత పైభాగం గరుకుగా ఉండి మురికినీ తేమనూ పట్టి ఉంచుతుంది, ముందే వెలుస్తుంది. లోపల పెట్టే విమానానికి మ్యాట్, బయట పెట్టేదానికి సగం మెరిసే సెమీ గ్లాస్ అని నా పక్షం. అసలు మెరుపు ఇది కాదు కదా అని అభ్యంతరం చెప్పే పెద్దమనిషిని కడిగే జట్టులో చేర్చుకోండి. గుర్తుల విషయంలో స్టిక్కర్ల కంటే స్టెన్సిల్ పెట్టి వేసిన రంగు మేలు. స్టిక్కరు ఎండకు కుంచించుకుని అంచులు లేస్తాయి, ఆ అంచు కింద నీళ్ళు చేరతాయి. ఎరుపు అన్నింటికంటే ముందు వెలుస్తుంది, అది ముందే లెక్కలో ఉంచుకోండి.

రంగు లేకుండా వెండిలా మెరిసే విమానాలైతే? పాలిష్ పెడితే ప్రతి ఏడూ పెట్టాలి, ప్రతిసారీ ఆ పలచటి పొర ఇంకొంచెం పోతుంది. పైన క్లియర్ కోట్ వేస్తే మొదట బాగుంటుంది, గీత పడినచోట నుంచి దాని కింద వెంట్రుకల్లాంటి తుప్పు గీతలు పాకుతాయి. ఆరుబయట అయితే ప్రైమర్ మీద మంచి వెండి రంగు వేయడమే తెలివి. పది అడుగుల దూరం నుంచి తేడా పట్టేవాళ్ళు తక్కువ.

అద్దం, గాలి దారులు, టైర్లు

కాక్‌పిట్ అద్దం యాక్రిలిక్. ఎండకు మసకబారి సన్నటి పగుళ్ళు పడుతుంది, అమోనియా ఉన్న క్లీనర్ తగిలితే ఇంకా తొందరగా. లోపలి భాగాలన్నీ ఉన్న కాక్‌పిట్ అయితే తెరలు దించి, గాలి ఆడే సందు ఉంచి, అద్దం మీద తెల్ల కవరు వేసి, సందర్శకుల రోజున తీయండి. లోపల ఏమీ మిగలకపోతే అద్దాన్ని లోపలి నుంచి నల్లగా పెయింట్ చేయడంలో తప్పేమీ లేదు. ఇంజనులోకి గాలి వెళ్ళే దారులకు, వెనక గొట్టానికి అల్యూమినియం మూతలు, వాటికి అడుగున సన్న జాలీ. పూర్తిగా బిగించేస్తే లోపల చెమ్మ ఆగిపోతుంది, తెరిచి ఉంచితే పక్షులు గూడు కడతాయి. టైర్లను అవసరమైతే ఫోమ్‌తో నింపించండి.

ఎవరికి ఏది?

నగర పాలక సంస్థలా ఏటా బడ్జెట్ రాసుకోగలిగి, కూడలిలో ఆకర్షణ కావాలనుకుంటే, బాగా ఎక్కువగా మిగిలి ఉన్న రకపు చిన్న విమానాన్ని స్తంభం మీద పెట్టొచ్చు. కానీ టెండర్లోనే పదేళ్ళ కడుగుడు, లిఫ్ట్ అద్దె కలిపి రాయండి. వాలంటీర్లు ఉన్న సంఘానికీ, విద్యార్థులు ఉన్న కాలేజీకీ చక్రాల మీద, గచ్చు మీద నిలబెట్టడం, వీలైతే తర్వాత కప్పు. పనిచేసే చేతులున్నచోట పెద్ద విమానమూ బతుకుతుంది, పని పంచుకునేవాళ్ళు లేనిచోట చిన్నదీ కుళ్ళుతుంది.

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఒక పేజీ చదవండి. చాలాచోట్ల వైమానిక దళం విమానాన్ని ఇచ్చేయదు, అప్పుగా ఇస్తుంది. అమెరికా వైమానిక దళ మ్యూజియం ఇచ్చేవి అలాంటివే, యాజమాన్యం వాళ్ళదే. అలాంటప్పుడు రంధ్రం వేయాలన్నా, ఇంజను తీయాలన్నా అనుమతి కావాలేమో చూడండి. మీరు చూసుకోలేని రోజున తిరిగి తీసుకెళ్ళే ఖర్చు ఎవరిదో కూడా అందులోనే ఉంటుంది. రెక్కలు విప్పి, ట్రెయిలర్ ఎక్కించి, రోడ్డు అనుమతులు తెచ్చుకోవడం చిన్న ఖర్చు కాదు.

ఏటా కడగడానికి డబ్బూ మనుషులూ రెండూ లేనట్టయితే మొత్తం విమానం అడక్కండి. ముక్కు, కాక్‌పిట్ ఉన్న ముందు భాగం మాత్రం అడగండి. ఏదైనా విమానాన్ని తుక్కు చేసేటప్పుడు ఆ భాగాన్ని కోసి ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. అది ఒక మామూలు గదిలో పడుతుంది, వాన తగలదు, పిల్లలు అందులో కూర్చుని స్టిక్ పట్టుకోగలరు.